మా వీధి కెమెరా ఎవరిని చూస్తోంది?

పెన్నాగట్టు (సోమవారం, రాత్రి 10:12)

అందరికీ నమస్కారం. చాలా కాలంగా ఇక్కడ చదువుతున్నానే గానీ ఎప్పుడూ రాయలేదు. ఈసారి ఊరుకోలేకపోయాను.

మాది నెల్లూరు, మినీ బైపాస్‌కు దగ్గర్లో ఒక కాలనీ. ఆర్నెల్ల కిందట మా వీధిలో వరసగా రెండిళ్లలో దొంగలు పడ్డారు. స్టేషన్ నుంచి వచ్చి మీటింగ్ పెట్టారు. ఇంటికి ఇంతని వేసుకుని కెమెరాలు పెట్టుకోండి, మా ఫోన్లలో కూడా కనపడేలా చేయండి అన్నారు. ఇంటికి 2,500 పడింది. నేనూ ఇచ్చాను, సంతోషంగానే ఇచ్చాను. మొత్తం ఎనిమిది కెమెరాలు. అందులో ఐదోది సరిగ్గా మా గేటుకు ఎదురుగా ఉన్న కరెంటు స్తంభానికి బిగించారు.

మా అమ్మాయి పొగతోటలో ఒక ల్యాబ్‌లో పనిచేస్తుంది. డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి రాత్రి తొమ్మిదిన్నర. ఒక్కోసారి తోటి ఉద్యోగి బండి మీద తీసుకొచ్చి దింపి వెళ్తాడు. పోయిన వారం కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక పెద్దమనిషి నాలుగు క్లిప్పులు పెట్టాడు. నాలుగు వేర్వేరు రాత్రులవి. కింద ఒకే ఒక్క వాక్యం: మన వీధి మర్యాద మనమే కాపాడుకుందాం.

అమ్మాయి నన్నేమీ అడగలేదు. మర్నాటి నుంచి వీధి మలుపులోనే దిగి నడిచొస్తోంది. ఆ మలుపులో కెమెరా లేదు, లైటూ లేదు. భద్రత కోసమని నేను డబ్బులిచ్చి పెట్టించిన కెమెరా వల్ల నా కూతురు చీకట్లో దిగుతోంది.

స్టేషన్‌కు వెళ్లి అడిగితే అది మీ కాలనీ వాళ్ల కెమెరా కదండీ అన్నారు. కాలనీ సెక్రటరీని అడిగితే పోలీసులు పెట్టమంటేనే కదా సార్ పెట్టింది అన్నాడు. రెండు రోజులుగా నిద్ర లేదు. ఇది మా వీధి గొడవ మాత్రమేనా? ఊరంతా, దేశమంతా ఇలాగే చూడటం మొదలుపెడితే ఎలా ఉంటుందో మీరే చెప్పండి.


చీమకుర్తి_రాయి (సోమవారం, రాత్రి 10:40)

అన్నా, మీ బాధ అర్థమైంది. ఆ క్లిప్పులు పెట్టినాయన్ని నలుగురిలో నిలదీయాల్సిందే. కానీ దానికి కెమెరాను ఆడిపోసుకోవడం ఎందుకు?

మా క్వారీ దగ్గర డీజిల్ పోతా ఉండేది, కెమెరా పెట్టాకే ఆగింది. మా అత్త మెడలో గొలుసు తెంపుకుపోయిన వాళ్లు హైవే మీద కెమెరాకు దొరికారు. నా ఫోన్ ఒంగోలు బస్టాండ్‌లో పోతే సర్కారు పోర్టల్ సంచార్ సాథీలో కంప్లయింట్ పెట్టా, మూడు నెలలకు పిలిచి చేతికిచ్చారు. ఇవన్నీ ఎవరో ఒకరు చూడబట్టే కదా.

తప్పు చేయనివాడికి భయమెందుకు అన్నా?


తపాలా_తాతయ్య (మంగళవారం, ఉదయం 5:55)

నాయనా చీమకుర్తీ, పొద్దున్నే కాఫీ తాగుతూ నీ ఆఖరి మాట చదివాను. నేను కావలి, చుట్టుపక్కల ఊళ్ల తపాలా ఆఫీసుల్లో 36 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఒక సంగతి చెబుతా విను.

జనం కార్డూ కొనేవాళ్లు, ఇన్‌లాండ్ లెటరూ కొనేవాళ్లు. కార్డు చవక. అయితే దారిలో ఎవరైనా చదవొచ్చని అందరికీ తెలుసు. అందుకని వాన పడిందనీ, గేదె ఈనిందనీ, పెద్దాయనకు జ్వరం తగ్గిందనీ కార్డు మీద రాసేవాళ్లు. అత్తగారింట్లో పిల్ల ఎలా ఉందో, అన్నదమ్ముల మధ్య మాట ఎందుకు పడిపోయిందో ఇన్‌లాండ్‌లో రాసి, మూడు వైపులా గోందు పూసి, అది చాలదన్నట్టు నా కౌంటర్ మీదున్న జిగురు కూడా అడిగి పూసేవాళ్లు. వాళ్లలో దొంగలెవరయ్యా? ఒక్కడూ లేడు. దాచుకోవడానికీ తప్పు చేయడానికీ సంబంధం లేదు. గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకునే వాళ్లు వేరు, భుజం మీద కండువా సర్దుకునే వాళ్లు వేరు.

ఉత్తరాలు విప్పే అధికారం సర్కారుకు లేదనడం లేదు. తెల్లవాడి కాలంలో 1898 తపాలా చట్టంలోనే ఉంది. 1986లో ఆ అధికారాన్ని ఇంకా పెంచుతూ పార్లమెంటు ఒక సవరణ బిల్లు పాస్ చేసింది. రాష్ట్రపతి జైల్ సింగ్ దాని మీద సంతకం పెట్టలేదు, తిప్పి పంపనూ లేదు. బల్ల మీద అట్లాగే ఉంచుకున్నాడు. మా డిపార్ట్‌మెంట్‌లో అప్పట్లో ఇదే కబురు. ఇప్పుడు 2023లో కొత్త పోస్టాఫీసు చట్టం వచ్చింది. అందులో తొమ్మిదో సెక్షన్ చూడండి, దేశ భద్రత, ప్రజా భద్రత లాంటి కారణాలు చూపించి పార్శిల్‌నో ఉత్తరాన్నో ఆపొచ్చు, విప్పొచ్చు. ఈసారి ఎవరి బల్ల మీదా ఆగలేదు.


టంగుటూరు_టెకీ (మంగళవారం, ఉదయం 8:30)

పెన్నాగట్టు గారూ, ముందు పనికొచ్చే ప్రశ్నలు. రికార్డింగ్ బాక్సు, అదే డీవీఆర్, ఎవరింట్లో ఉంది? పాస్‌వర్డ్ ఏంటి? ఎంతమంది ఫోన్లలో యాప్ ఉంది? ఎన్ని రోజుల వీడియో దాస్తుంది?


పెన్నాగట్టు (మంగళవారం, ఉదయం 9:05)

డీవీఆర్ ఆ పెద్దమనిషి ఇంట్లోనే. ఆయన రిటైరై ఇంట్లోనే ఉంటాడని అక్కడ పెట్టాం. పాస్‌వర్డ్ ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు. యాప్ ఎవరెవరికి ఉందో సెక్రటరీ వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాడు: తను, ఆ పెద్దమనిషి, స్టేషన్‌లో ముగ్గురు, కెమెరాలు బిగించిన కుర్రాడు, ఇంకా పెద్దమనిషి గారి అల్లుడు. అల్లుడు బెంగుళూరులో ఉంటాడు. ఎన్ని రోజులు దాస్తుందో ఎవరికీ తెలియదు.


రొయ్యల_రాజా (మంగళవారం, ఉదయం 9:20)

అల్లుడు బెంగుళూరులో కూర్చుని నెల్లూరు వీధికి కాపలా కాస్తన్నాడా సామీ! మా చెరువు దగ్గర కాపలావోడు పక్క గుడిసెలోనే ఉండి కూడా నిద్రపోతాడు. ఆ అల్లుడి నంబరుంటే ఇవ్వండి, జీతానికి పెట్టుకుంటా.


వకీలమ్మ_నెల్లూరు (మంగళవారం, మధ్యాహ్నం 1:45)

కోర్టు భోజన విరామంలో రాస్తున్నాను, కాబట్టి ముక్కలు ముక్కలుగా ఉంటే మన్నించండి.

రాత్రిపూట ఎవరు ఎవరింటికి వస్తున్నారో కనిపెట్టి ఉండటం అనేది మన సుప్రీంకోర్టుకు పాత పంచాయితీ. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే ఆయన మీద దోపిడీ కేసు పెట్టారు, సాక్ష్యం లేక వదిలేశారు. అయినా పోలీసులు హిస్టరీ షీట్ తెరిచి, అర్ధరాత్రి తలుపు కొట్టడం, ఎక్కడికి పోతున్నాడో రాసుకోవడం మానలేదు. ఆయన సుప్రీంకోర్టుకెళ్లాడు. 1962లో ఆరుగురు జడ్జీలు తీర్పిచ్చారు. రాత్రి తలుపు కొట్టడం తప్పన్నారు, మిగతా నిఘా మాత్రం చేసుకోవచ్చన్నారు. రాజ్యాంగంలో గోప్యత హక్కు అనేదే లేదు పొమ్మన్నారు.

ఇద్దరు ఒప్పుకోలేదు. ఆ ఇద్దరిలో ముందుండి రాసింది మన తెలుగాయనే, రాజమండ్రి మనిషి జస్టిస్ కోకా సుబ్బారావు. ఎవరో వెంబడించి చూస్తున్నారని తెలిసిన మనిషి కాళ్లకు సంకెళ్లు లేకపోయినా స్వేచ్ఛగా నడవలేడన్నది ఆయన వాదన సారం. వీధి మలుపులో దిగుతున్న మీ అమ్మాయి గురించి చదవగానే నాకు గుర్తొచ్చింది అదే.

ఆయన మాట గెలవడానికి 55 ఏళ్లు పట్టింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీలూ ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కే అన్నారు. ఆ కేసు వేసిన పుట్టస్వామి గారు కర్ణాటక హైకోర్టు రిటైర్డ్ జడ్జి, ఆధార్ మీద 2012లో కోర్టుకెక్కిన పెద్దాయన. సర్కారు మన గుట్టులోకి రావాలంటే దానికో చట్టం ఉండాలి, సరైన అవసరం ఉండాలి, అవసరానికి మించి రాకూడదు. ఈ మూడూ ఆ తీర్పులోవే. మీ కాలనీ కెమెరాకు మొదటిది ఏదో చూపించమనండి. పిలిచారు, వెళ్తున్నా.


చీమకుర్తి_రాయి (మంగళవారం, సాయంత్రం 6:10)

మేడమ్, గౌరవంగానే అడుగుతున్నా. ఖరక్ సింగ్ మీద కేసుంది కాబట్టి నిఘా పెట్టారు. మామూలు జనంతో సర్కారుకేం పని? రాష్ట్రంలో ఐదు కోట్ల మందిమి ఉన్నాం. ఇంతమందిని ఎవరు కూర్చుని చూస్తారు?


టంగుటూరు_టెకీ (మంగళవారం, రాత్రి 9:15)

కూర్చుని చూడాల్సిన పని లేదు బ్రదర్, అసలు సంగతి అదే. ఖరక్ సింగ్‌ను చూడటానికి ఒక కానిస్టేబుల్ కావాలి. వందమందిని చూడాలంటే వంద మంది కావాలి. కాబట్టి ఎవరిని చూడాలో ఎంచుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు ముందు అందరిదీ పోగేసి పెడతారు, ఎవరిని చూడాలన్నది తర్వాత తేల్చుకుంటారు.

2013లో అమెరికా నిఘా సంస్థకు పనిచేసిన ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన మొదటి కాగితం అదే. అమెరికాలో ఒక పెద్ద ఫోన్ కంపెనీ తన కస్టమర్లందరి కాల్ వివరాలు రోజూ నిఘా సంస్థకు అప్పజెప్పాలని రహస్య కోర్టు ఆర్డర్. మాటలు వినలేదు. ఎవరు ఎవరికి, ఎప్పుడు, ఎంతసేపు, అంతే. మాటలు వినకపోతే ఏముందిలే అనుకుంటాం. నువ్వు గుండె డాక్టర్‌కు ఫోన్ చేసి, తర్వాత ల్యాబ్‌కు, తర్వాత ఎల్‌ఐసీ ఏజెంట్‌కు, రాత్రి పదకొండింటికి తమ్ముడికి చేశావనుకో. నువ్వేం మాట్లాడావో నేను వినక్కర్లేదు. 2020లో అక్కడి అప్పీలు కోర్టు ఆ పథకం చట్టవిరుద్ధమని చెప్పింది. అప్పటికి ఏడేళ్లు గడిచిపోయాయి.

మన దగ్గరికి రా. నెల్లూరు నుంచి ఒంగోలుకు కార్లో వెళ్తే ఏ టోల్‌గేటు ఏ నిమిషంలో దాటావో ఫాస్టాగ్ రాసుకుంటుంది. రేషన్‌కు వేలిముద్ర. సిమ్‌కు ఆధార్. ఇవన్నీ విడివిడిగా ఉన్నంతసేపు ఫర్వాలేదు. 2008 ముంబయి దాడుల తర్వాత నాట్‌గ్రిడ్ అని మొదలుపెట్టారు, విడివిడిగా ఉన్న ఇలాంటి సమాచారాన్ని నిఘా సంస్థలు ఒకచోట నుంచి చూసుకోవడానికి. ఉగ్రవాదుల కోసం అన్నారు, కాదనను. కానీ ఒకసారి పైపు వేశాక అందులో ఏ నీళ్లు పారాలో పైపు చెప్పదు.

నీ ఫోన్ వెతికిపెట్టిన సంచార్ సాథీ మంచి పోర్టలే. నేనూ నా పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో అందులోనే చూసుకున్నా. కానీ 2025 నవంబరు ఆఖర్లో ఆ యాప్‌ను ప్రతి కొత్త ఫోన్‌లో కంపెనీలే వేసి అమ్మాలని కేంద్రం ఆర్డరిచ్చింది. డిసెంబరు మొదట్లో అది బయటపడి గోల లేచింది, రెండు రోజుల్లో వెనక్కి తీసుకున్నారు. నచ్చి వేసుకున్న యాప్ వేరు, నా అనుమతి లేకుండా జేబులో కూర్చున్న యాప్ వేరు. పేరు ఒకటే.


నెల్లూరోడు_రెండు (మంగళవారం, రాత్రి 10:02)

నెల్లూరు వాళ్లకు ఇది కొత్తా? 2023లో మన రూరల్ ఎమ్మెల్యే కోటంరెడ్డి శ్రీధర్‌రెడ్డి సొంత ప్రభుత్వమే తన ఫోన్ ట్యాప్ చేస్తోందని ప్రెస్‌మీట్ పెట్టి చెప్పలేదా? ఎమ్మెల్యేకే దిక్కు లేకపోతే మనమెంత?


సింహపురి_సైనికుడు (మంగళవారం, రాత్రి 10:09)

అది ట్యాపింగ్ కాదు, అవతలి వాళ్ల ఫోన్‌లో కాల్ రికార్డింగ్ అని అప్పుడే ప్రభుత్వం చెప్పింది. ఇప్పుడున్న వాళ్లు చేయట్లేదా? పోస్టు పెడితే ఎత్తుకెళ్లడం లేదా?


నెల్లూరోడు_రెండు (మంగళవారం, రాత్రి 10:11)

మీ హయాంలో చేసినవన్నీ తీయమంటావా?


మోడరేటర్ (మంగళవారం, రాత్రి 10:30)

దీని తర్వాత వచ్చిన పద్నాలుగు పోస్టులు తీసేశాను. ఏ పార్టీ అయినా సరే, ఆరోపణను ఆరోపణ అని రాయండి, జవాబును జవాబని రాయండి, అక్కడితో ఆపండి. ఒక తండ్రి కూతురి సంగతి అడుగుతున్నాడు. అది గుర్తుంచుకుంటే చాలు.


వకీలమ్మ_నెల్లూరు (బుధవారం, ఉదయం 7:20)

మోడరేటర్ గారు కత్తెర వేశాక రాస్తున్నాను. ఇద్దరు కొట్టుకున్నారు గానీ, ఎవరిది నిజమో తేల్చే దారి ఏదని మాత్రం ఒక్కరూ అడగలేదు.

ఫోన్ వినడానికి 1885 టెలిగ్రాఫ్ చట్టం ఆధారంగా ఉండేది. 1996లో పౌర హక్కుల సంఘం పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు పద్ధతి పెట్టింది. కేంద్రంలోనో రాష్ట్రంలోనో హోం సెక్రటరీ ఆర్డరివ్వాలి, అది రెండు నెలలకు, పొడిగించినా ఆరు నెలలకు మించకూడదు, సమీక్షకు కమిటీ ఉండాలి. ఇప్పుడు 2023 టెలికాం చట్టం వచ్చింది, దాని కింద 2024 డిసెంబరులో కొత్త నిబంధనలొచ్చాయి. పాత చట్రమే. రాష్ట్రంలో ఆ కమిటీకి పెద్ద చీఫ్ సెక్రటరీ. ఆర్డరిచ్చేది అధికారి, సరిచూసేదీ అధికారులే. జడ్జి ఎక్కడా లేడు. అంతా అయిపోయాక కూడా మీ ఫోన్ విన్నామని మీకు చెప్పే నియమం లేదు. అందుకే నెల్లూరులో ఆ రోజు జరిగింది ట్యాపింగో రికార్డింగో ఇవాళ్టికీ ఎవరికి తోచినట్టు వాళ్లు నమ్ముతున్నారు.

ఫోన్లలోకి చాటుగా దూరే పెగాసస్ అనే నిఘా సాఫ్ట్‌వేర్‌ది కూడా ఇదే కథ. 2021లో జస్టిస్ ఎన్.వి.రమణ ధర్మాసనం నిపుణుల కమిటీ వేసింది. 29 ఫోన్లు చూశారు, ఐదింట్లో ఏదో మాల్‌వేర్ ఉంది, అది పెగాసస్ అని తేలలేదు. ప్రభుత్వం సహకరించలేదని కమిటీ చెప్పినట్టు కోర్టే చదివి వినిపించింది. ఇక ఎక్కడికి పోతారు?


కప్పరాళ్లతిప్ప_మనవడు (బుధవారం, రాత్రి 11:48)

రెండు రోజులుగా చదువుతున్నాను. రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. కావలి, బిట్రగుంట వైపు వాళ్లకు నా పేరు చూస్తేనే నేనెవరో తెలిసిపోతుంది.

మీరంతా నిఘా కొత్తగా వచ్చిందన్నట్టు మాట్లాడుతున్నారు. మా ఎరుకల వాళ్లకు అది కెమెరా కంటే ముందే వచ్చింది. 1871లో తెల్లవాళ్లు నేరస్థ జాతుల చట్టం చేశారు. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానిలో మా దాకా వచ్చింది. పుట్టడమే నేరం. మా వాళ్లను కదలనివ్వకుండా ఒకచోట ఉంచడానికి కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపిన సెటిల్‌మెంట్, తర్వాత కప్పరాళ్లతిప్ప, అటు బాపట్ల దగ్గర స్టువర్టుపురం. మా ముత్తాత పేరు రిజిస్టర్‌లో, వేలిముద్ర రిజిస్టర్‌లో. రోజూ హాజరు పలకాలి. పక్క ఊళ్లో పెళ్లికి పోవాలంటే చీటీ రాయించుకోవాలి. చీటీ లేకుండా దొరికితే, దొంగతనం చేసినా చేయకపోయినా, చీటీ లేకపోవడమే దొంగతనం.

చీమకుర్తి అన్నా, ఐదు కోట్ల మందిని ఎవరు చూస్తారని అడిగావు. అందరినీ చూడరన్నా. అందరిదీ రాసిపెట్టుకుంటారు, చూసేది మమ్మల్ని.

1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. అందుకే ఆ రోజును మా వాళ్లు విముక్తి దినం అంటారు. చట్టం పోయింది గానీ మా నాన్న చిన్నప్పుడు చుట్టుపక్కల ఎక్కడ దొంగతనం జరిగినా జీపు ముందు మా వీధికే వచ్చేది. ఇప్పుడు నేను ప్రైవేటు ఉద్యోగం చేస్తూ పట్నంలో అద్దెకుంటున్నాను. ఇంటి ఓనర్ ఆధార్ అడిగినప్పుడు ఊరి పేరు మీద ఆయన కన్ను ఆగుతుంది. ఆ ఒక్క క్షణం ఆగడం నాకు తెలుసు. ముఖం గుర్తుపట్టే కెమెరాలు వస్తున్నాయంటున్నారు కదా, వాటిలో ముందుగా ఎవరి ఫొటోలు ఎక్కిస్తారంటారు? పాత రిజిస్టర్లలో ఉన్నవాళ్లవే కదా.

2022లో కేంద్రం ఇంకో చట్టం తెచ్చింది. అరెస్టయిన వాళ్ల వేలిముద్రలు, కంటిపాప, ఇంకా చాలా తీసుకుని 75 ఏళ్లు దాచుకోవచ్చు. మా ముత్తాత రిజిస్టర్ కూడా అన్నేళ్లు ఉండలేదు.


తపాలా_తాతయ్య (గురువారం, ఉదయం 5:40)

నాయనా, నేను కావలిలోనే బతికాను. సెటిల్‌మెంట్ బడి అనే మాట చిన్నప్పటి నుంచి విన్నాను. అది దేని సెటిల్‌మెంటో ఎప్పుడూ అడగలేదు. ఇంతకంటే రాయలేను.


రొయ్యల_రాజా (గురువారం, ఉదయం 10:15)

పొద్దున చదివినప్పటి నుంచి జోకులు రావడం లేదు. సరే, నాదీ ఒకటి చెబుతా.

2025లో అమెరికా సుంకాలు వేసినప్పుడు రొయ్య రేటు పడిపోయింది కదా, మేం పాతిక మంది రైతులం ఒక ఆఫీసు ముందు కూర్చున్నాం. రాళ్లెయ్యలా, అరవలా. గొడుగులేసుకుని కూర్చున్నాం, మధ్యాహ్నం పులిహోర తిన్నాం. పైన డ్రోను తిరిగింది. మేమే చెయ్యూపాం, టీవీ వాళ్లనుకుని. మర్నాడు ఒకాయన ఫోన్ చేసి, నువ్వు ఫలానా కదా, నీకు ఎన్నెకరాల చెరువుంది, అందులో లైసెన్సున్నది ఎంత అని మర్యాదగా అడిగాడు. అంతే. బెదిరించలా. నిజంగా మర్యాదగానే అడిగాడు.

తర్వాతి వారం మళ్లీ కూర్చుందాం అన్నారు. పాతిక మందిమి తొమ్మిది మంది అయ్యాం. ఆ తొమ్మిదిలో నేను లేను. ఇంట్లో వాళ్లకు మేత లారీ వస్తందని చెప్పా.


ఒంగోలు_పద్మ (గురువారం, మధ్యాహ్నం 3:30)

ఇంతమంది మగవాళ్లు, ఒక వకీలమ్మ గారు, మూడు రోజులుగా ఆ అమ్మాయి గురించే మాట్లాడుతున్నారు. పెన్నాగట్టు గారూ, మీరు ఆ అమ్మాయిని అడిగారా?

నేను కెమెరాలు కావాలనే మనిషిని. మా వీధిలో ఒకడు నెల రోజులు బండి మీద నా వెనకే వచ్చాడు. మందుల షాపు ముందున్న కెమెరాలో బండి నంబరు పడబట్టే వాణ్ని పట్టుకున్నారు. అది లేకపోతే నా మాట ఎవరూ నమ్మేవాళ్లు కాదు, నువ్వే ఏదో చేసుంటావు అనేవాళ్లు. మొన్న ఎవరో కెమెరాలు పీకేయాలన్నట్టు రాశారు, మోడరేటర్ తీసేసినట్టున్నారు. పీకేస్తే మాకేం మిగలదు.

కాకపోతే ఒకటి. నా కేసులో షాపాయన వీడియో చూపించమంటే, ఎందుకమ్మా అని అడిగి, ఆ ఐదు నిమిషాలే చూపించాడు. మీ పెద్దమనిషి నాలుగు రాత్రులు కూర్చుని ఏరాడు. తేడా అక్కడుంది.


పెన్నాగట్టు (గురువారం, రాత్రి 10:50)

పద్మ గారూ, చెంప చెళ్లుమన్నట్టయింది. నిజంగానే అడగలేదు. ఆ పిల్ల బాధపడుతుందని, నేనే ఏదో చేసేసి తర్వాత చెబుదామని అనుకున్నాను.

ఇవాళ భోజనాల దగ్గర అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "కెమెరా ఉంటే ఉండనీ నాన్నా. నన్ను ఎవరు చూస్తున్నారో నాకు తెలియాలి కదా. ఆయన నన్ను నాలుగు రోజులు చూశాడు, నాకు తెలియనే తెలియదు. ఆయన మాత్రం రోజూ గుడి దగ్గర కనపడి బాగున్నావా తల్లీ అంటూనే ఉన్నాడు." కాసేపాగి, "ముందు ఆ మలుపులో లైటు వేయించండి" అంది.

వాళ్లమ్మ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.


చీమకుర్తి_రాయి (శుక్రవారం, ఉదయం 7:05)

నేను మొదట రాసింది వెనక్కి తీసుకోవడం లేదు. కెమెరా ఉండాల్సిందే. కానీ కప్పరాళ్లతిప్ప తమ్ముడు రాసింది చదివాక మా క్వారీలో ఒక సంగతి గుర్తొచ్చింది.

మా దగ్గర రాయి కోసే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. ముప్పై ఏళ్లు గ్రానైట్ పట్టి పట్టి వేళ్ల మీద గీతలు లేవు, నున్నగా పలకలాగా ఉంటాయి. వేలిముద్ర మిషన్ ఆయన్ను గుర్తుపట్టదు. రేషన్ దగ్గర పదిసార్లు నొక్కించి, కొబ్బరి నూనె రాయించి, మళ్లీ నొక్కించి, రేపు రా అంటారు. ఒంటి మీద చెమటతో అదే ఊళ్లో పుట్టి పెరిగిన మనిషి, డీలరుకు పేరు తెలుసు, తాత పేరు తెలుసు. మిషన్‌కు మాత్రం తెలియదు. నన్నేమో ఎవరూ అడక్కుండానే అన్నిచోట్లా గుర్తుపడుతున్నారు, గుర్తుపట్టమని బతిమాలుతున్న ఆయన్నేమో పట్టడం లేదు. ఇది నిఘా అవునో కాదో నాకు తెలియదు. రాయాలనిపించి రాశా.

ఇంకో ప్రశ్న, వకీలమ్మ గారికి. మన వీధులన్నీ స్టేషన్‌కు కనపడాలి సరే, స్టేషన్ మనకు కనపడుతుందా?


వకీలమ్మ_నెల్లూరు (శుక్రవారం, రాత్రి 8:40)

చీమకుర్తి గారూ, భలే చోట పట్టుకున్నారు. 2020 డిసెంబరు 2న పరంవీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు దేశంలో ప్రతి పోలీస్ స్టేషన్‌లో కెమెరాలు పెట్టాలంది. గేటు దగ్గర, లాకప్‌లో, వరండాలో, ఎస్సై గదిలో, మాట కూడా రికార్డవ్వాలి, 18 నెలలు, కుదరకపోతే కనీసం ఏడాది దాచాలి. లోపల దెబ్బలు తిన్న మనిషి ఆ వీడియోను భద్రపరచమని అడగొచ్చు. 2025 సెప్టెంబరులో కస్టడీ చావుల వార్త చూసి కోర్టే మళ్లీ తనంతట తాను ఈ సంగతి చేపట్టాల్సి వచ్చింది. నా అనుభవంలో వీధి కెమెరా వీడియో గంటలో దొరుకుతుంది. స్టేషన్ కెమెరా వీడియో అడిగిన మూడు సార్లూ ఆ రోజు పనిచేయలేదనే జవాబు.

పెన్నాగట్టు గారికి: కొత్త డేటా రక్షణ చట్టం ఉంది కదా అని ఎవరో ఒకరు చెబుతారు. 2023లో చేశారు, నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైనవి అమల్లోకి రావడానికి ఇంకో 18 నెలల గడువిచ్చుకున్నారు. అందులో 17వ సెక్షన్ కింద కేంద్రం తనకు కావాల్సిన సంస్థలను చట్టం నుంచి మినహాయించుకోవచ్చు. దాన్ని నమ్ముకుని కూర్చోకండి. కెమెరా మీ డబ్బుతో పెట్టింది. కాలనీ మీటింగ్‌లో తీర్మానం రాయించండి. డీవీఆర్ ఎవరి పడకగదిలోనూ ఉండకూడదు. పాస్‌వర్డ్ మార్చాలి. చూసిన ప్రతివాడూ పుస్తకంలో పేరు, టైము, కారణం రాయాలి. స్టేషన్ వాళ్లకు కావాలంటే కాగితం ఇచ్చి తీసుకెళ్లాలి. ఇన్ని రోజుల తర్వాత చెరిగిపోవాలని రాసుకోండి. కెమెరా రోడ్డును చూడాలి, గేటును కాదు.

ఆ పెద్దమనిషి మీద కేసు పెట్టొచ్చు కూడా. అది మీ అమ్మాయి ఇష్టం, మీది కాదు.


టంగుటూరు_టెకీ (శుక్రవారం, రాత్రి 9:10)

పాస్‌వర్డ్ మార్చడం ఒక్కటే చాలదు సార్. యాప్‌లో పాత యూజర్లందర్నీ తీసేసి కొత్తగా ఇవ్వాలి, లేకపోతే అల్లుడుగారు అక్కడే ఉంటారు. చేయడం రాకపోతే ఆదివారం నాకు వీడియో కాల్ చేయండి.


పెన్నాగట్టు (ఆదివారం, రాత్రి 9:25)

మీటింగ్ అయింది. మూడు గంటలు. ఇరవై రెండిళ్ల వాళ్లు రావాల్సింది, పద్నాలుగు మంది వచ్చారు.

పెద్దమనిషి బాగా నొచ్చుకున్నాడు. ఇన్నాళ్లు కరెంటు ఖర్చు నేను పెట్టుకుని చూస్తుంటే నా మీదే అనుమానమా అన్నాడు. నేనేం అనలేదు. ఎదురింటి టైలరమ్మ లేచి, "అనుమానం మీ మీద కాదండీ, రేపు మీ చోట ఇంకొకరు కూర్చుంటే?" అంది. ఆయన దగ్గర దానికి జవాబు లేదు. క్లిప్పులు గ్రూపులోంచి తీసేశాడు. క్షమాపణ అనే మాట మాత్రం నోట రాలేదు.

డీవీఆర్ ఇప్పుడు వాటర్ ట్యాంక్ గదిలో ఉంది, తాళం రెండు, ఇద్దరి దగ్గర. టెకీ గారి సాయంతో యూజర్లందర్నీ తీసేశాం, పదకొండు మంది ఉన్నారు, సెక్రటరీ చెప్పింది ఏడుగురు. మిగతా నలుగురు ఎవరో ఎవరికీ తెలియదు. పదిహేను రోజులకు చెరిగిపోయేలా పెట్టాం. ఐదో కెమెరా రోడ్డు వైపు తిప్పాం. నలుగురు వ్యతిరేకించారు, మళ్లీ దొంగలు పడితే నీదే బాధ్యత అని నాతో అన్నారు. పడితే పడతారేమో, నాకూ భయంగానే ఉంది.

సాయంత్రం స్టేషన్ నుంచి ఒకాయన బండి దొంగతనం గురించి వీడియో చూడాలని వచ్చాడు. పుస్తకం ముందు పెట్టాం. నవ్వాడు. ఎవరికో ఫోన్ చేశాడు. మళ్లీ వస్తానని వెళ్లాడు.

మలుపులో లైటుకు అర్జీ పెట్టాం. అప్పటిదాకా మూలింటి వాళ్లు తమ గోడ మీద ఒక బల్బు వేస్తామన్నారు, వేశారు. అమ్మాయి ఇవాళ కూడా మలుపులోనే దిగింది.


రొయ్యల_రాజా (ఆదివారం, రాత్రి 9:40)

దిగనీండి సామీ. తొందరపెట్టబాకండి.


చీమకుర్తి_రాయి (ఆదివారం, రాత్రి 9:52)

అన్నా, ఆ పుస్తకంలో ఏయే గడులు పెట్టారో ఒక ఫొటో పెట్టండి. మా క్వారీ కెమెరాకు కూడా ఒకటి పెడతా. కూలీల విశ్రాంతి షెడ్డులో కూడా ఒక కెమెరా ఉంది, దాని సంగతి కూడా చూడాలి.


పెన్నాగట్టు (ఆదివారం, రాత్రి 10:05)

రేపు పొద్దున పెడతా. గడులు గీసింది అమ్మాయే, ల్యాబ్ రిజిస్టర్ చూసి గీసింది. పేరు, టైము, ఏ కెమెరా, ఏ తేదీ వీడియో, ఎందుకు, సంతకం. చివర్లో ఇంకో గడి కూడా గీసింది: ఎవరి వీడియో చూశారో వాళ్లకు చెప్పారా, లేదా.